మళ్లొక్కసారి చూపెట్టమనే రఘుపతి

రఘుపతితో కష్టం చెప్పుకున్నవాళ్లు ఎవరైనా సరే, ఆ కష్టాన్ని రెండోసారి కూడా పడాల్సిందే.

చెప్పగానే అయ్యో అనడు. ముందు మూడు ప్రశ్నలు వేస్తాడు. ఏం జేసినవ్? ఏమైంది? ఏం గావాల్నని జేసినవ్? మూడింటికీ జవాబు చెప్పి ఊపిరి పీల్చుకునేలోపు నాలుగోది వస్తుంది. అది ప్రశ్న కాదు, ఆర్డరు. "మళ్లొక్కసారి చేసి చూపెట్టు."

గోదావరిఖనిలో ఆ గల్లీకి ఉన్నవి ఆరే ఇళ్లు. అన్నీ బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి వచ్చినవాళ్లు కట్టుకున్నవే. ఆ ఆరిళ్లలో ఈ మాట పడనివాళ్లు లేరు. అందరికంటే ఎక్కువ పడింది ఎదురింటి సమ్మవ్వ. ఆమెకు వయసు డెబ్బై నాలుగు, చదువు రెండో తరగతి, నోటికి మాత్రం ఏ పట్టా అక్కర్లేదు.

ఒక వానాకాలం పొద్దున సమ్మవ్వ నల్లా దగ్గర కాలు జారి కూలబడింది. గల్లీ ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి లేపారు. రఘుపతి కూడా వచ్చాడు. లేపలేదు. నేల వైపు చూశాడు, బకెట్ వైపు చూశాడు.

"ఏ కాలు ముందు వెట్టినవవ్వా?"

"నడుము ఇరిగిందిరా అంటే కాలు అడుగుతవేందిరా?"

"కుడిదా, ఎడమదా? బకెట్ ఏ చేతుల ఉన్నది? సమజైతలేదు. మళ్లొక్కసారి పడి చూపెట్టు."

సమ్మవ్వ చెంబు ఎత్తింది. "నువ్వు రా. నువ్వు పడు. నేను కూసోని చూస్త."

రఘుపతి నిజంగానే వెళ్లాడు. బకెట్ ఎడమచేత పట్టుకుని, అదే చోట అదే కాలు పెట్టి, ఆమెకంటే గట్టిగా పడ్డాడు. పడ్డచోటి నుంచే సంబరంగా అరిచాడు. "దొరికింది! పాచి కాదవ్వా, కింద బండ కదుల్తున్నది!" సాయంత్రానికి సిమెంటు కలిపి బండ బిగించాడు. నడుముకు కట్టు మాత్రం ఇద్దరికీ పడింది.

ఇంకోసారి మెకానిక్ ఖాజాకూ, అతని భార్య మైమూనాకూ కూర దగ్గర కొట్లాట. రఘుపతి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఆగుండ్రి. మొదటి సంది మళ్లొక్కసారి కొట్లాడుండ్రి. ఎక్కడ చెడ్డదో చూద్దాం." ఖాజా కోపంగానే మొదలుపెట్టాడు. మూడో మాటకు మైమూనా అడ్డం వచ్చింది. "తప్పు! అప్పుడు నువ్వు 'ఉప్పెక్కడ' అన్లే, 'ఉప్పుందా' అన్నవ్." "కాదు, ఉప్పెక్కడ అన్న." "అయితే నేనెందుకు గరం అయిన?" ఆ మాటకు ఇద్దరూ ఆలోచనలో పడ్డారు, తర్వాత నవ్వులో పడ్డారు. రఘుపతి ఒక్కడే దిగులుగా లేచాడు. కొట్లాట మళ్లీ పుట్టలేదని.

తన ఒంటికీ ఇదే న్యాయం. ఒకసారి జ్వరమొచ్చి దవాఖానకు పోతే, అక్కడికి చేరేసరికి ఒళ్లు చల్లబడింది. డాక్టరు మందు రాయబోతే వద్దన్నాడు. "నిన్నటి జ్వరం ఇయ్యాల చూపెట్టలేకపోతున్న సార్. మీరు మాత్రం ఎట్ల నమ్ముతరు?"

భార్య అనసూర్య అందరికంటే లోతైన గాయం తిన్న మనిషి. "పెండ్లిచూపులల్ల నన్ను పాట పాడమన్నరు. పాడిన. ఈయన మళ్లొక్కసారి పాడమన్నడు. మస్తు నచ్చింది గావచ్చని సిగ్గుపడి మళ్ల పాడిన. ఎక్కడ శ్రుతి తప్పిందో చూసుకుంటున్నడని పెండ్లైనంక తెలిసింది."

ఈ రోగం అతనికి ఎక్కడ అంటుకుందో గల్లీకి తెలుసు. సర్వీసంతా కంపెనీలో టెలిఫోన్ లైన్లు చూసి, తర్వాత కంప్యూటర్లు చూసి రిటైరైన మనిషి. లోకంలో అందరికీ ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం ఒకటుంది. దాని మీద నడిచే పనిముట్లు వేలు. అందులో ఒకటి, నెట్ లైనులో ఎటు నుంచి ఎటు ఎంత పోతోందో, ఎవరు ఎంత మింగుతున్నారో లెక్కపెట్టి చూపిస్తుంది. అసలు పేరు నోరు తిరగదు కనుక గల్లీ దాన్ని వాచ్‌మన్ అంది. పదకొండేళ్లుగా దాని బాగోగులు చూసేది రఘుపతే. రాసింది మాత్రం అతను కాదు, పోలండులో ఎవరో.

"ఎవలో రాస్తె మరి నువ్వేం జేస్తవ్ రా దినమంత?" అని సమ్మవ్వ ఒకరోజు నిలదీసింది.

"ఎవలో వండిన కూరను నేను డబ్బల గడుత అవ్వా. కొత్త కూరొస్తె డబ్బల పడుతదో లేదో చూడాలె. పక్కన ఇంకేమేం ఉండాల్నో చీటీ రాయాలె. కారితే మూత సరిజెయ్యాలె. ఎవరన్న బాలేదంటె జవాబు జెప్పాలె."

"జీతమిస్తరా?"

"ఇయ్యరు. కానీ మస్తుమంది తింటరు."

ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు. సమ్మవ్వ నవ్వలేదు. ముప్పై రెండేళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి కాలం చేసిన భర్త నర్సింగానికి బొగ్గుబాయికి టిఫిన్ కట్టిన చేయి ఆమెది. డబ్బా బాగున్నన్ని రోజులు కట్టినవాళ్ల ఊసెత్తే దిక్కుండదు. పప్పు కారి అంగీకి అంటిన రోజున మాత్రం వాళ్ల పేరు షిఫ్టంతా వినబడుతుంది. రఘుపతికి వచ్చే ఉత్తరాలన్నీ అలా పప్పు కారినవాళ్ల ఉత్తరాలేనని ఆమెకు అప్పుడే అర్థమైంది.

గల్లీ ఆరిళ్లకూ నెట్ లైను ఒక్కటే. అది రఘుపతి ఇంటికి వచ్చి, అక్కణ్నుంచి అందరికీ పోతుంది. ముందుగదిలోని పాత కంప్యూటర్లో వాచ్‌మన్ కూర్చుని లెక్కపెడుతుంది. ఏ ఇల్లు రోజు మొత్తంలో ఎంత వాడిందో సాయంత్రానికి అందరికీ కనబడాలని రఘుపతి వరండాలో ఒక తెర కూడా పెట్టాడు. అక్కడే గల్లీ మనశ్శాంతి పోయింది.

ఎందుకంటే, రెండు నెలలుగా పగలంతా నెట్ నత్తనడక పట్టింది. తెర మీద చూస్తే అందరివీ బుద్ధిగల అంకెలే. సమ్మవ్వ ఇంటిదైతే అన్నింటికంటే చిన్నది. ఆమె ఆ తెర ముందు నిలబడి గల్లీ గల్లీకి వినబడేట్టు అనేది: "చూసుకోండ్రి! మింగేది ఎవలో, ఆగేది ఎవలో! మా ఇంట్ల అన్నం గూడ గిట్లనే లెక్కగ తింటం."

రఘుపతికి అన్నం సహించడం మానేసింది. ఆరిళ్ల లెక్క కలిపితే మొత్తం లెక్కకు సరిపోవడం లేదు. ఎక్కడో ఎవరో తింటున్నారు, వాచ్‌మన్ చూడటం లేదు. సరిగ్గా అప్పుడే నార్వేలో బడి కంప్యూటర్లు చూసుకునే ఒకావిడ ఉత్తరం రాసింది, తన దగ్గరా వాచ్‌మన్ లెక్క తప్పుతోందని. రఘుపతి మూడు ప్రశ్నలూ వేసి, మళ్లొక్కసారి చేసి చూపెట్టమన్నాడు. ఎప్పుడు తప్పుతుందో తనకే తెలియదు, చూపించలేనంది. తర్వాత ఆ ఉచిత ఆపరేటింగ్ సిస్టం నడిపే పెద్దల నుంచి మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. కొత్త విడుదల దగ్గరపడింది, లెక్క తప్పే లెక్కలమనిషిని అందులో పంపలేం, శుక్రవారంలోగా సరిచేయకపోతే వాచ్‌మన్‌ను తీసేస్తాం అని.

తప్పు ఎక్కడుందో కళ్లతో చూస్తే గానీ సరిచేయలేడు. ఆ తప్పేమో కంటబడదు. అప్పటికి వారం మంగళవారానికి వచ్చేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గల్లీలో ఇది తెలిసింది సమ్మవ్వ ఒక్కదానికే.

కొత్తగూడెంలో ఉండే చెల్లెలు లస్మవ్వకు మోకాళ్లు పనిచేయవు. సమ్మవ్వకు బస్సు పడదు. కరీంనగర్‌లో కంప్యూటర్ చదువు చదివే మనవరాలు హర్షిణి పోయిన ఎండాకాలం ఇద్దరికీ వీడియో కాల్ చేయడం నేర్పింది. చేయడం వచ్చింది కానీ ఆపడం కుదరలేదు. బొత్తాం తెలియక కాదు. ముందు ఎవరు పెట్టేయాలి? పెద్దది పెట్టేస్తే విసుక్కున్నట్టు, చిన్నది పెట్టేస్తే పొగరెక్కినట్టు. అందుకని కొడుకూ కోడలూ డ్యూటీలకు పోగానే పొద్దున ఆరింటికి మొదలైన కాల్ దీపాలు పెట్టేదాకా నడిచేది. ఫోను చార్జర్‌కు తగిలించి, కందిపప్పు డబ్బాకు ఆనించి ఉండేది. మాటలు తక్కువే. ఇటు ఈమె బియ్యం చెరిగేది, అటు ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. గంటకొకసారి "ఉన్నవా?" అంటే "ఆఁ, ఉన్న."

ఇంత నడిచినా తెర మీద తన అంకె చిన్నగా ఎందుకుందో సమ్మవ్వకు తెలియదు. మనిషి మాట్లాడితేనే లెక్క, ఊరికే కూర్చుంటే లెక్క లేదేమో అనుకుంది. లోపల మాత్రం ఒక అనుమానం, ఎవరికీ చెప్పనంత సన్నగా.

మంగళవారం సాయంత్రం రఘుపతి గల్లీనంతా పోగేశాడు. "ఇయ్యాల ఏమేం జేసిన్రో, రేపు పొద్దుగాల ఆరింటి సంది అచ్చం అదే చెయ్యాలె. చూసిందే చూడాలె. మాట్లాడినోళ్లతోనే మాట్లాడాలె."

ఖాజా తల గోక్కున్నాడు. "అన్నా, ఇయ్యాల నేను మూడు గంటలు ఒకటే ఇంజను వీడియో చూసిన. ఇంజను రిపేరు గూడ అయిపాయె. మళ్ల చూడాల్నా?"

"చూడాలె."

"నేను పొద్దుగాల మా చెల్లెతోని ఫోన్ల కొట్లాడిన. ఇప్పుడు రాజీ అయినం" అంది మైమూనా.

"కొట్లాడాలె."

అనసూర్య గుమ్మంలోంచి అంది. "పొద్దుగాల నువ్వు నా ఉప్మా మంచిగున్నదన్నవ్. అది గూడ మళ్ల అంటవా?"

"అది నెట్ల పోలే" అన్నాడు రఘుపతి.

సమ్మవ్వ ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పింది. "రేపు ఫోన్ జెయ్యకు. ఇంట్ల సున్నం వేస్తున్నరు." ఆ అబద్ధం ఆమెకు రాత్రి అన్నంలో రాయిలా తగిలింది. కానీ లెక్కగా తింటామని గల్లీకంతా చాటిన నోరు కదా. పరీక్షలో దొరికితే ఆ నోరు ఎక్కడ పెట్టుకోవాలి?

బుధవారం గల్లీ అంతా నాటకం ఆడింది. ఖాజా అదే ఇంజను మూడు గంటలు చూసి, నాలుగో గంటకు దాన్ని చూస్తేనే మొహం తిప్పుకున్నాడు. మైమూనా చెల్లెలికి ఫోన్ చేసి, నవ్వాపుకుంటూ తిట్టింది. సాయంత్రం లెక్క చూస్తే ఆరిళ్లదీ కలిపి మొత్తానికి అంగుళం తేడా లేదు. నెట్ కూడా సాఫీగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. రఘుపతి మాత్రం ఇంట్లో శవం లేచినట్టు మొహం పెట్టాడు.

చీకటి పడేలోపు అనసూర్య వచ్చింది సమ్మవ్వ దగ్గరికి. "ఏం జెప్పాలె అత్తా. మొగోళ్లు తప్పు దొరికితే అన్నం దగ్గర అలుగుతరు. ఈయన తప్పు దొరకలేదని అలిగిండు."

సమ్మవ్వ చెప్పులేసుకుని ఎదురింటికి పోయింది. రఘుపతి కంప్యూటర్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఏమైతదిరా శుక్రారం దాటితే? మునిగిపోతవా?"

"మునిగేదేం లేదవ్వా. పదకొండేండ్ల సంది డబ్బ గట్టిన. ఎల్లుండి సంది కట్ట. గంతే."

ఆ 'గంతే' సమ్మవ్వకు తెలిసిందే. నర్సింగం రిటైరైన మర్నాడు కూడా ఆమె నాలుగింటికే లేచింది. ఏం చేయాలో తోచక టిఫిన్ కట్టేసింది. నర్సింగం ఆ డబ్బా పట్టుకుని వరండాలోకి పోయి, షిఫ్టు టైముకు విప్పుకుని తిన్నాడు. నెలరోజులు అలాగే నడిచింది.

సమ్మవ్వ కొంగు సర్దుకుంది, గొంతు సర్దుకుంది. "ఇగో రఘుపతీ. ఇది గల్లిల పొక్కితే నీ తోలు దీస్త. నిన్న నేనొక పని జేసిన. ఇయ్యాల చెయ్యలే."

"ఏం పని?"

"మా లస్మితోని ఫోను. వీడియోది."

"ఎంతసేపు?"

"పొద్దుగాల ఆరింటి సంది..."

"ఊఁ?"

"దీపాలు వెట్టేదాకా."

రఘుపతి కుర్చీలో మెల్లగా తిరిగాడు. "మధ్యల కట్ జెయ్యలే?"

"ఎవలు జేస్తరురా? అది జేస్తదా, నేను జేస్తనా?"

"దినమంత ఒకటే కాల్?"

"దినమంత కాదు. రెండు నెలల సంది దినాం." సమ్మవ్వ తల పక్కకు తిప్పుకుంది. "ఇగ తిట్టు. నీ నెట్టంత మింగింది ఈ ముసల్దే. తిట్టు."

కొడుకు అయితే నువ్వే ఏదో నొక్కినవు అనేవాడు. బ్యాంకులో అదే మాట, దవాఖానలో అదే మాట. ఆమె ఆ మాట కోసం కాచుకుని నిలబడింది. రఘుపతి లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లు దీపావళి చేసుకుంటున్నాయి.

"అవ్వా! మళ్లొక్కసారి చేసి చూపెట్టవ్వా!"

ఇన్నేళ్లుగా ఒళ్లు మండించిన ఆ మాట, ఆ పూట ఆమెకు చల్లటి మజ్జిగలా దిగింది.

పొక్కితే తోలు తీస్తానన్నా పొక్కకుండా ఉండే గల్లీ కాదది. గురువారం పొద్దున్నే అందరూ సమ్మవ్వ వంటింటి ముందు చేరారు. ఫోనులో లస్మవ్వ కళ్లు చికిలించింది. "ఏందక్కా గింతమంది? ఎవలన్న పోయిన్రా?"

"ఎవలు పోలే చెల్లే. మనం ఊకె కూసోవాల్నట. కూసుంటె చూస్తరట."

ఊరికే కూర్చోమంటే ఇద్దరూ కూర్చోవడమే మరిచిపోయారు. లస్మవ్వ పట్టుచీర కట్టుకొచ్చింది. "భోజనమయిందా అండి?" అని అక్కను మీరు అంది. రఘుపతి తల పట్టుకున్నాడు. "గట్ల కాదవ్వా, దినాం ఎట్లుంటరో గట్లనే ఉండుండ్రి!" పదింటికి సమ్మవ్వ విసుగొచ్చి బియ్యం చేటలో పోసుకుంది. అప్పుడు గానీ ఆట అసలు దారిలో పడలేదు.

మధ్యాహ్నం మూడున్నర దాటాక ముందుగదిలోంచి రఘుపతి కేక వినబడింది. సమ్మవ్వ ఇంటి అంకె పెరిగి పెరిగి, రెప్పపాటులో సున్నా దగ్గరికొచ్చి, మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. అందరూ తెల్లమొహాలు వేస్తే ఖాజా చిటికె వేశాడు. "అరే, పాత స్కూటర్ మీటర్ అన్నా ఇది! తొమ్మిదులన్నీ అయిపోతె సున్నాలు పడ్తయి. బండి నడిచింది నిజమే, మీటరే మర్చిపోయింది."

అంతే సంగతి. తెగకుండా అంతసేపు నడిచే ఒకే మాట ఉంటుందని వాచ్‌మన్‌ను రాసినవాళ్లు అనుకోలేదు. అక్కాచెల్లెళ్ల సంగతి వాళ్లకేం తెలుసు? అందుకే సమ్మవ్వ అంకె అంత చిన్నగా ఉండేది.

ఖాజా అంతటితో ఆగలేదు. "అంటె రెండు నెలల సంది నా వీడియోలు గిరగిర తిరిగింది మీ చెల్లె ఈనెలు తీసుడు వల్లనా అవ్వా?"

గల్లీ గొల్లుమంది. సమ్మవ్వ మొహం కందగడ్డ అయింది. ఎన్నడూ మాటకు తడుముకోని మనిషి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఖాజా, ఆగు" అన్నాడు రఘుపతి. "మీరందరు మంచిగ వాడుతున్నరు. మంచిగ వాడేటోళ్లతోని నాకేం ఫాయిద? పోలండోళ్లకు దొరకంది, నార్వే ఆమెకు దొరకంది ఈమె దొరకవట్టింది. ఈ గల్లిల పనికొచ్చే మనిషి ఈమె ఒక్కతే."

మీటర్‌కు ఇంకొన్ని గళ్లు పెంచి, డబ్బా మళ్లీ కట్టి, శుక్రవారం పొద్దున పంపించాడు. మధ్యాహ్నానికి నార్వే ఆవిడ తన దగ్గర లెక్క కుదిరిందని రాసింది. సాయంత్రానికి పెద్దలు రాశారు, వాచ్‌మన్ ఉంటాడని. సమ్మవ్వ సర్వపిండి చేసి పంపింది. రఘుపతి తిని, బాగుందో లేదో చెప్పకుండా, మళ్లొక్కసారి చేసి చూపెట్టమన్నాడు. ఆమె తిడుతూ మళ్లీ చేసింది.

ఆ ఆదివారం అతను గల్లీకి ఇంకో ఆర్డరు వేశాడు. వాచ్‌మన్ మళ్లీ తప్పకుండా ఉండాలంటే పరీక్ష దినాం నడవాలట. సమ్మవ్వ ఫోను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆగకూడదట. మిగతావాళ్ల వీడియోలకు అడ్డం రాకుండా ఆరిళ్లకూ వాటాలు కూడా కుదిర్చాడు. ఆ రోజు నుంచి పొద్దున ఆరింటికి గేటు దగ్గర కేక. "అవ్వా, డ్యూటీ ఎక్కినవా?" సమ్మవ్వ ఇప్పుడు ఎవరికీ భయపడకుండా, గుమ్మం తీసి పెట్టి, ఫోను వరండాలోనే పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా తొంగిచూస్తే, "జర పక్కకు జరుగు, డ్యూటీల ఉన్న" అనేది.

రెండు నెలలకు హర్షిణి సెలవులకొచ్చింది. ఎదురింట్లో ఓ పూట కంప్యూటర్ ముందు కూర్చుని, పరుగున వచ్చింది.

"అవ్వా, నువ్వు దినమంత ఫోను నడిపే పనే లేదే! రఘుపతి తాత ఆ శుక్రారమే ఆ పరీక్షను ప్రోగ్రాంగ రాసి డబ్బలనే వెట్టిండు. దానంతట అదే నాలుగు నిమిషాల్ల చేసుకుంటది. నీ కాల్ ఎవలకు అక్కర్లే!"

సమ్మవ్వ చేటలో బియ్యం అటూ ఇటూ జరిపింది. చాలాసేపు రాళ్లు ఏరింది. అందులో రాళ్లు లేవు.

"ఎవలకన్న జెప్పినవా?"

"లే."

"జెప్పకు."

"తాతకు తెలుసు గదనే!"

"ఆయనకు తెల్సని నాకు తెల్సింది. నాకు తెల్సని ఆయనకు తెల్వది. గట్లనే ఉండనీ. నీ చదువు నీ కాడ వెట్టుకో."

మర్నాడు ఆరింటికి గేటు దగ్గర రఘుపతి నిలబడ్డాడు. "అవ్వా, డ్యూటీ ఎక్కినవా? నిన్న లెక్క జర తక్కువ వడ్డది."

"ఎక్కిన, ఎక్కిన. నువ్వు వోయి నీ డబ్బ గట్టుకో" అని కసిరి, సమ్మవ్వ ఫోను వైపు తిరిగింది.

"లస్మీ, ఉన్నవా?"

"ఆఁ, ఉన్న."

"జర ముంగటికి జరిగి మంచిగ కూసో. మన మీద మస్తుమంది ఆధారపడి ఉన్నరు."